జిడ్డాకుకు నేను చేసిన సేవ

మా ముత్తాతగారు విశాఖ దగ్గర పద్మనాభం ఊరికి అవతల తొమ్మిది ఊళ్ళకు జమీందారు. ఆయన పల్లకి దిగి నడిస్తే ముందు ఒకడు దారి ఊడ్చేవాడనీ, వెనక ఒకడు ఆయన అడుగులు చెరగకుండా కాపలా కాసేవాడనీ మా నాయనమ్మ చెప్పేది. రెండోవాడి సంగతి నేను పూర్తిగా నమ్మలేదు గాని, ఎవరితోనూ కాదనలేదు కూడా. మా తాతగారి నాటికి ఊళ్ళు మూడు మిగిలాయి, తోట ఒకటి పెరిగింది. ఆయన కలకత్తా నుంచి ఓడలో క్రోటన్లు తెప్పించి, రోజూ ఉదయం నలుగురు మనుషుల చేత, పాలు కలిపిన నీళ్ళలో ముంచిన మల్లుగుడ్డతో, ప్రతి ఆకూ తుడిపించేవారు. ఆకు మీద దుమ్ము కనిపిస్తే ఆ రోజు తుడిచినవాడికి కూలి లేదు. మా నాన్నగారు ఆ మూడు ఊళ్ళనూ తోటనూ దాయాదులతో దావాల్లో పోగొట్టారు. తోటను వేలం వేసినప్పటి జాబితా మా ఇంట్లో చాలాకాలం ఉండేది. తాతగారి క్రోటన్లు అందులో "కుండీలు, పగిలినవి, మొక్కలతో సహా" అని ఒక్క ముక్కలో ఉన్నాయి.

నా వంతుకు వచ్చినవి రెండు. ఒక వెండి పన్నీరుబుడ్డి, నిటారుగా నిలబడే వెన్ను. వాటితోనే ఒక పెద్ద ఉక్కు కర్మాగారంలో ఉద్యానవన విభాగం ఇంటర్వ్యూకు వెళ్ళాను. మొక్కల పెంపకంలో అనుభవం ఏమిటని అడిగారు. "మా ఇంట్లో పధ్నాలుగు మంది మాలీలు ఉండేవారు" అన్నాను. నాకు పదిహేనోవాడి ఉద్యోగం ఇచ్చారు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య మా వీధి చివరింటి అమ్మాయి ఒక చిన్న కుండీ పట్టుకుని వచ్చింది. ఇంట్లోంచి కదలకుండా ఫోనులో కొన్నదట. "అంకుల్, ఇది పురుగుల్ని తినే మొక్కట. ఆకులన్నీ జిగటగా ఉన్నాయి, తుడవమంటారా?" అంది. నేను కుర్చీలోంచి లేచిన వేగానికి ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది.

తుడవకూడదు. ఎందుకు తుడవకూడదో చెప్పాలంటే నా ఉద్యోగంలో ఒక ఏడాది చెప్పాలి. కొత్తగా మొక్కలు పెంచే పిల్లలకు పనికొస్తుందని చెబుతున్నాను. నాకు గౌరవం తెచ్చే కథ మాత్రం కాదు.

తొంభైల మధ్యలో నేను ఆ కర్మాగారం నర్సరీకి ఇన్‌చార్జిని. విశాఖలో మొక్కలు పెంచేవాడికి పురుగు కన్నా పెద్ద శత్రువు దుమ్ము. రేవు వైపు నుంచి గాలి వీస్తే ఎర్రదుమ్ము, కొలిమి వైపు నుంచి వీస్తే నల్లదుమ్ము. మధ్యాహ్నానికి మందారం ఆకు మీద వేలితో సంతకం పెట్టవచ్చు. అందుకని ఇన్‌చార్జినైన మొదటి నెలలోనే తాతగారి పద్ధతి ప్రవేశపెట్టాను. ఉదయం ఎనిమిదింటికి ప్రతి కుండీ, ప్రతి ఆకు, తడిగుడ్డ. పాలకు మాత్రం ఆఫీసు ఒప్పుకోలేదు. పెద్ద అధికారులు వచ్చే రోజుల్లో కుండీలకు జేగురు పూసి, తుడిచిన ఆకు మీద కొబ్బరినూనె చుక్క వేసి రుద్దేవాళ్ళం. వచ్చినవాళ్ళు "ప్లాస్టిక్ మొక్కల్లా ఉన్నాయండీ" అని మెచ్చుకునేవారు. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకునేవాణ్ణి.

నా కింద ఆరుగురు పనిచేసేవారు. వాళ్ళలో ఒకావిడ సముద్రపు ఒడ్డు పల్లె మనిషి. భర్త, ఇద్దరు మరుదులు పడవ మీద వేటకు వెళ్ళేవారు, ఆవిడ రోజుకూలీ లెక్కన మా నర్సరీలో పదేళ్ళుగా ఉంది. నన్ను "బావూ" అనేది. మా వైపు పెద్ద ఇళ్ళవాళ్ళను అలా పిలుస్తారు, ఆ పిలుపు నాకు ఇష్టం. ఇష్టం లేని పిలుపు స్టోరుకీపరుది. అతను ఎదురైన ప్రతి మగవాణ్ణీ "బావ" అనేవాడు. మా వంశంలో నన్ను బావ అనే హక్కు ఇద్దరికే ఉండేది, ఆ ఇద్దరూ దావాలో ఎదుటి పక్షం. మా అందరి పైన ఒక ఆఫీసరు. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు, నాకన్నా పదేళ్ళు చిన్న. నన్ను "రాజుగారూ" అనేవారు. అది గౌరవమో ఎగతాళో రిటైరయ్యేదాకా తేల్చుకోలేకపోయాను.

ఒక జూన్ నెలలో ఆ ఆఫీసరుగారు చిన్న ప్లాస్టిక్ కుండీని రెండు చేతులతో పట్టుకుని నర్సరీకి వచ్చారు. కొత్త కొలిమి బిగించడానికి యూరపు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన గెస్ట్‌హౌసులో ఉండేవాడు. కుండీ ఆయనది.

"ఆయన ఏడాది పాటు వాళ్ళ దేశం వెళ్తున్నాడండీ. మొక్కని విమానం ఎక్కనివ్వరంట. పసిపిల్లని అప్పజెప్పినట్టు నాకు అప్పజెప్పాడు. వచ్చే జూన్‌లో వచ్చి కొలిమి బాగుందని సంతకం పెట్టాల్సింది ఆయనే. దీనికేమన్నా అయితే ఆయన మొహం మాడుద్ది, ఆయన మొహం మాడితే నా మొహం మాడుద్ది. తర్వాత మీదే."

"నా మొహం ఎప్పుడూ మాడలేదండి" అన్నాను.

"స్లాగ్ యార్డులో మాడుద్దండీ. మొక్క బతికుంటే ఈ నర్సరీ మీదే. పోయిందంటే మాత్రం మిమ్మల్ని అక్కడికి పంపక తప్పదు, ముందే చెప్తున్నా."

స్లాగ్ యార్డు అంటే కొలిమి కక్కిన మడ్డిని గుట్టలుగా పోసే చోటు. అక్కడ పచ్చదనం పెంచాలని కాగితం మీద ఒక పథకం ఉండేది. ఆ పథకానికి పంపిన మనిషి, మొక్క, ఎవరూ కోలుకోలేదు.

"ఇదిగోండి, ఎట్లా పెంచాలో ఇంగ్లీషులో రాసిచ్చాడు" అని ఆఫీసరు ఒక కాగితం ఇచ్చారు.

"మొక్క ఎలా పెంచాలో మా ఇంటికి కాగితం రాసిచ్చినవాళ్ళు ఇంతవరకూ లేరండి" అని తీసుకున్నాను. నా బల్ల కాలొకటి పొట్టిగా ఉండేది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాని కింద దోపాను. బల్ల ఊగడం మానేసింది. ఆ కాగితం వల్ల ఆ ఏడాది జరిగిన మేలు అదొక్కటే.

మొక్క అరచేతిలో పట్టేంత ఉంది. కాండం కనపడదు. ఆకులన్నీ మట్టికి అంటుకుని, విచ్చిన గులాబీ రేకుల్లా గుండ్రంగా పరుచుకుని ఉన్నాయి. లేత ఆకుపచ్చ, కాస్త మందం, అంచులు కొద్దిగా పైకి మడత. పైన నెయ్యి రాసినట్టు మెరుపు. ఆ మెరుపులో నాలుగైదు నుసుములు, అదే, పళ్ళ మీద ముసిరే పిసరంత ఈగలు, అతుక్కుని ఉన్నాయి.

స్టోరుకీపరు వంగి చూశాడు. "కేబేజీ నారు బావ. సబ్బవరంలో మా మావయ్య ఏత్తాడు."

పల్లె ఆవిడ ఒక ఆకును వేలితో ముట్టుకుని, ఆ వేలిని బొటనవేలికి రాసి చూసుకుంది. "జిడ్డుగుందండి బావూ. జిడ్డాకు."

"ఏ జాతండీ రాజుగారూ?" అన్నారు ఆఫీసరు.

నాకు తెలియదు. ఆ మాట అనేస్తే పోయేదేమీ లేదని ఇవాళ తెలుసు. ఆ రోజు మాత్రం తొమ్మిది ఊళ్ళు నా వెన్నులో నిలబడి ఉన్నాయి.

"రణపాల జాతి" అన్నాను. "విదేశీ శాఖ."

రణపాలను ఎరగని పిల్లలకు చెబుతున్నాను. అది మందపాటి ఆకుల మొక్క, ఆకును తెంపి మట్టి మీద పడేస్తే దాని అంచుల నుంచే పిలకలు వస్తాయి. ఆకు మందంగా ఉండటం తప్ప దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా రేకుముక్క మీద "రణపాల (విదేశీ శాఖ)" అని తెల్లరంగుతో రాయించి కుండీలో గుచ్చాను. మొక్కల రిజిస్టరులో అదే పేరు ఎక్కించి, కింద పూర్తి సంతకం చేశాను.

ఇక వైద్యం. మామిడికి పురుగు పట్టినప్పుడు ఆకుల మీద జిగట కారుతుంది, తేనెమంచు అంటాం. ఇక్కడ జిగట ఉంది, పురుగులు ఉన్నాయి. అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. పుస్తకం వేరే చెట్టుది, అంతే.

"దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. నేనే చూసుకుంటాను" అని ప్రకటించాను. ఆకు తుడిచే గుడ్డను మా వంశంలో ఒకరు సొంతచేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. ఇంటి నుంచి పన్నీరుబుడ్డి తెచ్చి, అందులో బోరునీళ్ళు నింపి, ఆకుల మీద చిలకరించి, మల్లుగుడ్డతో ఒక్కొక్క ఆకునూ అద్దంలా తుడిచేవాణ్ణి. అతుక్కున్న నుసుముల్ని పుల్లతో ఏరి పారేసేవాణ్ణి. సాయంత్రానికి ఆకు మళ్ళీ జిడ్డు. మర్నాడు మళ్ళీ గుడ్డ. వారానికొకసారి పురుగుమందు, పదిహేను రోజులకొకసారి వేరుశనగచెక్క నానబెట్టిన నీళ్ళు. అంత సేవ మా నాన్నగారికి కూడా చేయలేదు.

"ఏటి బావూ, పసిపిల్ల ముక్కు తుడిసినట్టు తుడుత్తన్నారు" అంది పల్లె ఆవిడ. "తుడిసిన కొద్దీ కారతాది గాని ఆగుద్దేటండి?"

"ఇది తెగులు. పురుగులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా నాకు తెలుసు" అన్నాను. నర్సరీ షెడ్డులోనే ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నం తినేవారు. ఎండుచేపలు, మాగిన అరటిపళ్ళు, వాటి చుట్టూ ఈగలు. "రేపటి నుంచి మీ తిండి ఇక్కడ వద్దు. కంప్యూటరు గది వెనక్కి పొండి."

"అలగేనండి. మేం ఏడకెల్లినా ఈగలు మాకు సుట్టాలేనండి, ఎనకాలే వత్తాయి" అని ఆవిడ క్యారేజీ తీసుకుంది.

ఆకులు చాలా పెళుసు. నేను తుడుస్తుంటే రెండు రోజులకొకటి మొదలంటా ఊడి చేతికి వచ్చేది. "తెగులు ఆకు, దూరంగా పారెయ్యమ్మా" అని ఆవిడకు ఇచ్చేవాణ్ణి. ఆవిడ కొంగు చివర పెట్టుకుని అన్నానికి వెళ్ళేది. ఎక్కడ పారేసిందని నేనెప్పుడూ అడగలేదు.

డిసెంబరులో అద్భుతం జరిగింది. పెద్ద ఆకులు వాడిపోయి, నడుమ నుంచి చిన్నచిన్న గట్టి ఆకులు, మొగ్గలా ముడుచుకుని వచ్చాయి. వేలు పెట్టి చూశాను. జిడ్డు లేదు! "తెగులు పూర్తిగా నయమైనది" అని రిజిస్టరులో రాసి, ఆఫీసరుకు తీసుకెళ్ళి చూపించాను.

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇంత చిన్నదయిందేంటండీ?"

"పెద్ద రోగం నుంచి లేచింది. ఎవరైనా కాస్త చిక్కుతారండి."

ఈ రకం మొక్కలు చలికాలంలో అలా ముడుచుకుని పడుకుంటాయనీ, అప్పుడు నీళ్ళు బాగా తగ్గించి వాటి మానాన వదిలేయాలనీ నాకు ఎవరు చెబుతారు? చెప్పే కాగితం బల్ల కింద ఉంది. చిక్కినవాడికి బలం కావాలని నేను చెక్కనీళ్ళు రెట్టింపు చేశాను.

మార్చికి అడుగు ఆకులు నల్లబడి కుళ్ళు వాసన మొదలైంది. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం, షెడ్డులో ఎవరూ లేకుండా చూసి, బల్ల ఎత్తి కాగితం బయటకు తీశాను. నాకన్నా ముందు చెదలు దాన్ని చదివాయి. పైన "ముఖ్యం" అన్న మాట మిగిలింది. నడుమ "వాననీరు మాత్రమే" అని ఉంది. చివర, కింద రెండు గీతలు గీసిన వాక్యం ఒకటి, "ఎట్టి పరిస్థితులలోను" అని మొదలై, అక్కడి నుంచి ఒకటే చిల్లు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఏం చేయకూడదో ఆ చెదలకు తెలుసు. ఏప్రిల్ నెల విశాఖలో వాననీరు ఎక్కడ దొరుకుతుందో వాటికీ తెలియదు.

మే రెండోవారంలో మొక్క నా వేలు తగలగానే మట్టిలోంచి లేచి వచ్చింది. కింద వేళ్ళు లేవు. గుడ్డ నా చేతిలోనే ఉంది.

ఆ వారమంతా స్లాగ్ యార్డు కలలోకి వచ్చింది. స్టోరుకీపరు నా బల్ల మీద కూర్చుని, బల్ల ఊగుతుంటే దానితో పాటు ఊగుతూ అన్నాడు. "నిజం సెప్పేయ్ బావ. మొక్కే గదా, మనిషి కాదు గదా."

"కుండీలో గుచ్చిన రేకు చీటీ మీద ఏముంది?" అన్నాను.

"రణపాల."

"మరి కుండీలో ఏముంటే ఆ చీటీ నిజమవుతుంది?"

అతను ఊగడం ఆపాడు. "బావ! నువ్వు మామూలోడివి కాదు బావ."

మొక్కను చూసి చీటీ మార్చాలి. నేను చీటీని చూసి మొక్కను మార్చాను. మా ఇంటి గోడ పక్కనుంచి ఒక లేత రణపాలను తెచ్చి అదే కుండీలో నాటాను. మెరుపు కోసం కొబ్బరినూనె, మామూలుగా వేసే దానికి రెండింతలు. ఆకులు ఎందుకిలా మారాయని అడిగితే "మా ఉప్పుగాలికి విదేశీ శాఖ రూపం మార్చుకుంది" అని చెప్పడానికి ఇంగ్లీషు వాక్యం కూడా తయారు చేసుకుని, అద్దం ముందు రెండుసార్లు అన్నాను. బాగానే వచ్చింది.

జూన్‌లో ఇంజనీరు దిగాడు. కొలిమి దగ్గరకు వెళ్ళకముందే, నేరుగా నర్సరీకి వచ్చాడు. వెనక ఆఫీసరు, కొత్త చొక్కాలో. తలుపు దగ్గర స్టోరుకీపరు, అతని వెనక నీళ్ళ డబ్బాతో పల్లె ఆవిడ.

ఆయన కుండీని వెలుతురుకు పెట్టి చూశాడు. ఒక ఆకు మీద వేలు రాసి, వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. కొబ్బరి, అన్నట్టు ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు నా వైపు చూశారు.

"ఏంటండీ రాజుగారూ ఇది?" అన్నారు తెలుగులో, నవ్వు మొహంతో, పళ్ళ మధ్య నుంచి.

వాక్యం నా నాలుక మీదే ఉంది. ఆ మనిషి కోప్పడి ఉంటే అనేసేవాణ్ణి. ఆయన కోప్పడలేదు. కుండీ మెల్లగా బల్ల మీద పెట్టి, "ఎప్పుడు పోయింది?" అని అడిగాడు. ఊళ్ళో లేనప్పుడు పోయిన పెద్దవాళ్ళ గురించి అడిగినట్టు అడిగాడు. వాళ్ళమ్మ వంటింటి కిటికీలో పెంచిన మొక్క నుంచి తీసిన పిలకట అది. తల్లి ఇప్పుడు లేదట.

మా వంశంలో తప్పు ఒప్పుకున్నవాళ్ళు ఎవరూ లేరు. అందువల్ల ఎలా ఒప్పుకోవాలో నాకు తెలియలేదు. వెన్ను నిటారుగా పెట్టి, హాజరు పలికినట్టు పలికాను. "నేను చంపానండి. మే నెలలో. తుడిచి."

"తుడిచా?" అని ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

"రోజూ" అన్నాను. మొదలుపెట్టాక సగంలో ఆపడం మర్యాద కాదు కదా. "జిగట పోయేదాకా. అతుక్కున్న పురుగుల్ని ఏరేవాణ్ణి. మందు కూడా కొట్టాను."

ఆఫీసరు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. తలుపు దగ్గర గుసగుస వినిపించింది.

"ఏటంతన్నాడు దొర?" పల్లె ఆవిడ గొంతు.

"జిడ్డాకు సచ్చిపోనాదని బెంగెట్టుకున్నాడు" అన్నాడు స్టోరుకీపరు.

"సావడమేటి? ఎనకాల బోల్డున్నాయి గదా!"

అందరం ఆవిడ వెనకే కంప్యూటరు గది వెనక్కి నడిచాం. మా కర్మాగారంలో రాత్రింబగళ్ళు, వేసవి చలికాలం అని లేకుండా ఏసీ ఆడే గది అదొక్కటే. దాని గొట్టం నుంచి చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి. గొట్టం కింద ఆవిడ పాత సత్తు తట్ట, ఒకప్పుడు చేపలు అమ్మిన తట్ట, అడుగున చిల్లులతో ఉంది. తట్ట నిండా తడి ఇసుక, ఇసుక నిండా జిడ్డాకులు. చిన్నవి, పెద్దవి, నెయ్యి రాసినట్టు మెరుస్తూ. నాలుగింటికి సన్నటి కాడ చివర ఒక్కొక్క ఊదారంగు పువ్వు, పువ్వు వెనక పొడుగాటి తోక. పక్కనే క్యారేజీలు, ఎండుచేపల పొట్లం, అరటితొక్కలు, వాటి మీద నుసుముల మేఘం. ప్రతి ఆకు మీదా నువ్వులు చల్లినట్టు నుసుములు.

దొర ఇస్త్రీ ప్యాంటుతో బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కొక్క ఆకునూ వంగి చూశాడు. తర్వాత "ఎవరు పెంచారు?" అని అడిగాడు.

ఆఫీసరు ఒక్క క్షణం వృథా చేయలేదు. "మా రాజుగారేనండీ! ముందుజాగ్రత్తగా పిలకలు తీసి ఇక్కడ దాచారు. చాలా పాతకాలపు కుటుంబం. మొక్కలంటే ప్రాణం" అని ఇంగ్లీషులో చెప్పి, నాకు మాత్రమే కనపడేలా కన్ను గీటారు. తల ఊపితే చాలు. నర్సరీ నాదే. స్టోరుకీపరు ఆకాశం చూస్తున్నాడు. పల్లె ఆవిడ తల వంచుకుని, కాలి వేలితో నేల గీస్తోంది. ఆవిడ నోరు విప్పదని నాకు తెలుసు. ఆవిడది రోజుకూలీ, హాజరు వేసేది నేను.

వంచుకున్న ఆ తల నాకు తాతగారి తోటలో తెల్లవారే ముందు లేచి ఆకులు తుడిచిన నలుగురిని గుర్తు చేసింది. వాళ్ళ పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. ఆ తోటను మా తాతగారు పెంచారనే చెప్పుకుంటాం.

"నేను కాదండి. ఈవిడ" అన్నాను.

ఆఫీసరు కన్ను గీటుతున్నది గీటుతున్నట్టే ఆగిపోయింది.

"ఇలా ఇసకలో పెట్టాలని నీకెవరు చెప్పారమ్మా?" అని ఆవిడను అడిగాను. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"తమరే గదండి" అందావిడ, ఇంత చిన్న సంగతి మరిచిపోయానా అన్నట్టు. "రణపాలని సెప్పినారు గదా. రణపాలాకు పారేత్తే మొలిసేత్తాది గదండి. తమరు పారేమని ఇచ్చినవన్నీ ఇసకలో పారేసినాను. ఏసీ నీల్లు ఊరికే పోతన్నాయని దాని కిందెట్టినాను. మొలిసినాయి. ఏటి, తప్పాండి?"

ఏడాదిలో నేను చేసిన తప్పుల్లో ఆ మొక్కకు పనికొచ్చింది అదొక్కటి. అదీ ఆవిడ నమ్మడం వల్ల. దొరకు ఆ మాటలు నేనే ఇంగ్లీషులో చెప్పాను, రణపాల అన్నది నేనేనన్న ముక్కతో సహా. ఆయన నవ్వితే టోపీ జారి తట్టలో పడింది.

అక్కడే, బురదలోనే, చెప్పాడు. ఆ జిడ్డే దాని వల. నుసుము వాలితే అతుక్కుంటుంది, ఆకు నుంచి ఊరే రసం దాన్ని కరిగించి మింగుతుంది. ఎరువు పడదు, ఉప్పున్న నీళ్ళు పడవు. మొక్క పేరు పింగ్విక్యులా, ఇంగ్లీషులో బటర్‌వర్ట్. లాటిన్‌లో ఆ పేరుకు జిడ్డుగా ఉండే బుజ్జిది అని అర్థమట. "ఆవిడ దీన్ని ఏమంటుంది?" అని అడిగాడు. చెప్పాను. "మొదటి రోజునే సరిగ్గా గుర్తుపట్టిందన్నమాట" అన్నాడు.

స్టోరుకీపరు అంతసేపు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. "అయితే బావ, అది ముద్ద నోట్లో ఎట్టుకోబోతుంటే, ఏడాది పొడుగునా నువ్వు మూతి తుడిసి కంచం లాగేసినావన్నమాట."

ఆ రోజు మొదటిసారి అతను నన్ను బావ అంటే తప్పనిపించలేదు.

కొలిమి సంతకం అయింది. దొర ఈసారి విమానానికి అనుమతి కాగితాలు పుట్టించి ఒక మొక్క తీసుకుని, మిగిలినవి ఆవిడకే వదిలి వెళ్ళాడు. ఆఫీసరు మాటంటే మాటే, సోమవారం నన్ను స్లాగ్ యార్డుకు పంపారు. రెండేళ్ళు అక్కడ కానుగ మొక్కలు నాటాను. నాటాను అనే అంటున్నాను, పెంచాను అనడం లేదు. ఆవిడకు ఆ ఏడాదే ఉద్యోగం ఖాయమైంది. కాగితం మీద కారణాలు వేరే ఉన్నాయి గాని, దొర బురదలో మోకాళ్ళ మీద కూర్చోకపోతే ఆ కాగితం కదిలేది కాదు.

శనివారాలు మధ్యాహ్నం నేను యార్డు నుంచి నడిచి కంప్యూటరు గది వెనక్కి వెళ్ళేవాణ్ణి. పన్నీరుబుడ్డిలో ఏసీ నీళ్ళు పట్టి ఇసుక తడపడం నా పని. ఆకుల మీద కాదు, ఇసుక మీద. ఆ శనివారాల్లో నేర్చుకున్నదే మా వీధి చివరింటి అమ్మాయికి చెప్పాను.

"ఎండలో ఎట్టకండి బావూ, ఎలుగులో ఎట్టండి."

"ఏమిటమ్మా తేడా?"

"గొడుగు కింద నిలబడితే తమకి ఎలుగుంటాది, ఎండుండదు. అదీ తేడా."

"ఎరువు అసలు వద్దా?"

"ఎందుకండి? దాని ఏట అదే ఆడుకుంటాది. మనం వల సింపకుంటే సాలు."

"చలికాలం ముడుచుకుంటే?"

"లేపకండి. ఏటకెల్లని రోజున మా ఆయన పడుకుంటే నాను లేపుతానేటి? ఆకలేత్తే ఆడే లేత్తాడు."

ఒక శనివారం ఆవిడ అడిగింది. "పుస్తకంలో పేరు మార్సినారేటి బావూ?"

"మారుస్తాను" అన్నాను.

రెండేళ్ళ తర్వాత నర్సరీకి తిరిగి వచ్చాక రిజిస్టరు రెండుసార్లు తీశాను. కొట్టేసి, సరైన పేరు రాసి, పక్కన మళ్ళీ సంతకం పెట్టాలి. మొదటిసారి కలంలో సిరా లేదు. రెండోసారి ఉంది. రిజిస్టరు మూసేశాను. మనుషుల ముందు తప్పు ఒప్పుకోవడం ఒకసారి చేతనయింది గాని, కాగితం ముందు చేతకాలేదు.

రెండు వేలు దాటాక నర్సరీ ఎత్తేసి, పని కాంట్రాక్టుకు ఇచ్చారు. తట్టలో పట్టని జిడ్డాకులు అప్పటికి కుండీల్లోకి మారి, రిజిస్టరులో ఆ పాత పేరు కిందే ఎక్కి ఉన్నాయి. తట్ట తన సొంతమని పల్లె ఆవిడ దాన్ని నెత్తిన పెట్టుకుని, అందులో ఏముందో ఎవరూ అడగకముందే గేటు దాటింది. మిగిలినవన్నీ రిజిస్టరు ప్రకారం వేలం వేశారు. రెండు తోపుడుబళ్ళు, పాత రబ్బరు పైపులు, బకెట్లు, "రణపాల (విదేశీ శాఖ), కుండీలు ఇరవై రెండు" అన్నీ కలిపి ఒకే లాటుగా అమ్మేశారు.